బలహీనుడి వైపు నుంచి చదివిన ఒప్పందం

జార్జియాలోని కమ్మింగ్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్ళ దస్తావేజుల్లో ‘ల్యాండ్ లాట్, డిస్ట్రిక్ట్, సెక్షన్’ అంటూ కొన్ని అంకెలుంటాయి. క్లోజింగ్ రోజు సంతకాల హడావుడిలో వాటి మీద చూపు నిలవదు. జార్జియా రాష్ట్రం 1832లో చెరోకీల నేలను గళ్ళుగా కొలిచి తన పౌరులకు లాటరీలో పంచినప్పుడు పడిన నంబర్లవి. బంగారం ఆశ ఉన్న ఈ వైపున ఒక్కో గడి 40 ఎకరాలు. కమ్మింగ్ ఉన్న ఫోర్సైత్ కౌంటీ అదే ఏడాది డిసెంబరులో పుట్టింది. కౌంటీకి పేరిచ్చిన జాన్ ఫోర్సైత్ అంతకుముందు జార్జియా గవర్నరు, ఆ తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి.

ఆ నేల మీద జార్జియా చట్టాలకు చెల్లుబాటు లేదని అమెరికా సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చి 3న చెప్పింది. అదే ‘వూస్టర్ వర్సెస్ జార్జియా’ తీర్పు. రాసినవాడు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, అప్పటికి 76 ఏళ్ళవాడు. సైన్యాన్ని చూపి మరో దేశాన్ని లొంగదీయడం తప్పని ఇవాళ్టి అంతర్జాతీయ చట్టం అంటుంది. ఆ మాట చట్టంలోకి రావడానికి వందేళ్ళకు పైగా ముందే, బలం చూపి రాయించుకున్న కాగితాన్ని ఎలా చదవాలో ఈ తీర్పు చేసి చూపించింది. ఆ పనితనం కోసమే దీన్ని నిదానంగా చదవాలి.

ముందు కేసు సంగతి. ఉత్తర జార్జియాలో బంగారం బయటపడ్డాక రాష్ట్రం చెరోకీల మీద తన చట్టాలు రుద్దింది. 1830 డిసెంబరు చట్టం ప్రకారం ఆ ప్రాంతంలో ఉండే తెల్లవాళ్ళు లైసెన్సు తీసుకుని జార్జియాకు విధేయత ప్రమాణం చెయ్యాలి. లేదంటే కనీసం నాలుగేళ్ళ కఠిన కారాగారం. గనుల కాపలాకు, చట్టం అమలుకు అంటూ ఒక సాయుధ దళాన్ని కూడా దించారు. న్యూ ఎకోటాలో ఉంటున్న మిషనరీ శామ్యూల్ వూస్టర్ ప్రమాణం చెయ్యలేదు. దళం ఆయనను పట్టుకుంది. మనవాళ్ళు బాగా ఎరిగిన లారెన్స్‌విల్‌లోనే విచారణ జరిగింది. శిక్ష పడిన పదకొండుమందిలో తొమ్మిదిమంది క్షమాభిక్ష తీసుకుని ఇంటికెళ్ళారు. వూస్టర్, ఎలైజర్ బట్లర్ మాత్రం వద్దన్నారు, మిలెడ్జ్‌విల్ జైలుకు వెళ్ళారు.

మొదటి పనితనం ఈ కేసు కోర్టులోకి వచ్చిన దారిలోనే ఉంది. ఏడాది ముందు చెరోకీ జాతి నేరుగా జార్జియా మీద కేసు వేసింది. చెరోకీలు విదేశం కాదు, అమెరికా నీడలో ఉన్న జాతి కనుక మా దగ్గర నేరుగా దావా వెయ్యడానికి వీల్లేదని మార్షల్ అప్పుడు తలుపు వేసేశాడు. ఇప్పుడు జైల్లో ఉన్నవాడు అమెరికా పౌరుడు. ఏ రాష్ట్రమైనా దేశపు ఒప్పందాలకు విరుద్ధంగా ఒకరిని శిక్షిస్తే సుప్రీంకోర్టు ఆ శిక్షను తిరగదోడవచ్చునని 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టం చెబుతోంది. చెరోకీల న్యాయవాదులు విలియం వర్ట్, జాన్ సార్జెంట్ ఆ సందు పట్టుకున్నారు. వూస్టర్‌కు శిక్ష వేసిన చట్టం సరైనదా కాదా తేలాలంటే ఆ నేల ఎవరిదో తేలాలి. అది తేలాలంటే ఒప్పందాలు విప్పి చదవాలి. మార్షల్‌కు కావలసింది అదే.

చెరోకీలతో చేసుకున్నవాటిలో ఆయన విప్పిన మొదటి కాగితం 1785 నాటి హోప్‌వెల్ ఒప్పందం. జార్జియా పక్షానికి అనుకూలంగా కనిపించే మాటలన్నీ అందులోనే ఉన్నాయి. చెరోకీలకు ‘వేట భూములు’ ‘కేటాయించాం’ అని ఉంది. వాళ్ళ ‘వ్యవహారాలన్నీ’ నడిపే అధికారం అమెరికా కాంగ్రెస్‌కు ఉందని కూడా ఉంది. పైపైన చదివితే, యజమాని దయతలచి కౌలుదారుకు చెక్క ఇచ్చినట్టుంటుంది. మార్షల్ ఆ మాటలను తప్పించుకుని పోలేదు, ఒక్కొక్కటీ ముందుకు లాగాడు.

ఇంగ్లిషు చదవడం, రాయడం రానివాళ్ళు ‘కేటాయించడం’ అనే మాటకీ ‘హద్దు గుర్తించడం’ అనే మాటకీ తేడా పసిగట్టి సంతకం పెట్టారనుకోవాలా అని అడిగాడు. ఎదురెదురుగా కూర్చుని హద్దులు మాట్లాడుకున్నవాళ్ళకు అది హద్దుల ఒప్పందంగానే అర్థమై ఉంటుందన్నాడు. వేట అప్పట్లో వాళ్ళ ముఖ్యమైన పని కనుక ఆ పేరు పడింది. అంతమాత్రాన ఆ నేల మీద ఊళ్ళు, మొక్కజొన్న చేలు ఉండకూడదని ఎవరూ అనుకోలేదు. ‘వ్యవహారాలన్నీ’ అన్న మాట వర్తకాన్ని గురించిన నిబంధనలో ఉంది కనుక అది వర్తక వ్యవహారాలకే చెందుతుంది. తనను తాను పాలించుకునే హక్కును ఒక జాతి అలా మూలనున్న వాక్యంలో, మాట వరసకు వదిలేసుకుంటుందా అన్నది ఆయన వాదం.

ఇందులో గొప్పతనం జాలి చూపడం కాదు. కాగితం రాసినవాడు బలవంతుడు, మాటలు వాడివి, భాష వాడిది. కాబట్టి అనుమానం వచ్చిన చోట అర్థం రెండోవాడి చెవితో వినాలన్నది ఇక్కడ పద్ధతిగా మారింది. అమెరికాలో మూలవాసుల ఒప్పందాలు చదివే న్యాయమూర్తులు ఆ పద్ధతిని నేటికీ వాడుతున్నారు.

రెండో పని ఇంకా కష్టమైనది. జయించినవాడిదే నేల అని ఆనాటి లోకం ఒప్పుకునేది. మార్షల్ కూడా ఒప్పుకున్నాడు. బలం, యుద్ధం, విజయం హక్కులిస్తాయని తీర్పులోనే రాశాడు. ఆ మాట ఒప్పుకున్న చోట నిలబడే జార్జియాను ఓడించాలి. అందుకు ఆయన వాస్తవాలను అడిగాడు. ఓడల్లో తీరం వెంట తిరిగి, అప్పుడప్పుడు ఒడ్డుకు దిగినంత మాత్రాన లోపలి నేల సొంతమైపోతుందా? అంతకు తొమ్మిదేళ్ళ ముందు ‘జాన్సన్’ అనే కేసులో భూమిని కనుగొన్నవాడి హక్కును తానే పెంచి రాశాడు. ఇప్పుడు దాన్ని కుదించాడు. అది యూరపు దేశాల మధ్య ‘కొనుక్కునే వంతు ఎవరిది’ అనే సర్దుబాటే తప్ప, ముందునుంచీ ఉన్నవాళ్ళ హక్కును తుడిచేది కాదన్నాడు. ఇక విజయమంటారా, చెరోకీలను జయించి ఏలిన దాఖలా లేదు. వాళ్ళతో సంతకాలు చేసిన ఒప్పందాలున్నాయి. ‘ఒప్పందం’, ‘జాతి’ అన్న మాటలు మనమే ఎంచుకుని మిగతా దేశాలకు వాడినట్టే వీళ్ళకూ వాడాం, అర్థం కూడా అదేనని తేల్చాడు.

చివరగా దేశాల మధ్య చట్టంపై వాటెల్ రాసిన 1758 నాటి గ్రంథాన్ని ఆసరా తీసుకుని, బలహీన దేశం బలమైన దేశపు రక్షణలో చేరితే తన పాలన తాను చేసుకునే హక్కు పోగొట్టుకోదన్నాడు. రక్షణ అంటే, రక్షణ కోరినవాడిని లేకుండా చెయ్యడం కాదు.

తీర్పు నిలిచింది, నేల నిలవలేదు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం తీర్పు వెనక నిలబడలేదు. లాటరీ ఆగలేదు. వూస్టర్, బట్లర్ 1833 జనవరిలో విడుదలయ్యారు. 1835 డిసెంబరు 29న న్యూ ఎకోటాలో కొద్దిమంది చెరోకీలు, జాతి ప్రభుత్వం అనుమతి లేకుండా, భూమంతా వదులుకునే ఒప్పందంపై సంతకం చేశారు. ప్రధాన నాయకుడు జాన్ రాస్, ఆయన వెనక వేలమంది చెరోకీలు అది చెల్లదని మొరపెట్టుకున్నారు. అయినా సెనేట్ దాన్ని అవసరమైన మూడింట రెండొంతుల మీద ఒక్క ఓటు ఎక్కువతో ఆమోదించింది. 1838 మేలో జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ ప్రకటన ఇచ్చాడు: వేల సైనికులు నలుదిక్కులా వస్తున్నారు, ఎదిరించడమూ పారిపోవడమూ వృథా అని. ఆ తర్వాత చెరోకీలను పడమరకు తరిమిన ‘కన్నీటి దారి’లో సుమారు 4,000 మంది చనిపోయారని సాధారణంగా చెప్పే అంచనా.

విజయం హక్కులిస్తుందని మార్షల్ ఒప్పుకోక తప్పని మాటను లోకం తర్వాత వెనక్కి తీసుకుంది. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) అధికరణం దేశాల మధ్య బలప్రయోగాన్నే కాదు, బెదిరింపును కూడా నిషేధించింది. ఏ సందర్భంలో బలప్రయోగం అక్రమమో, ఆ సందర్భంలో ఆ బలం వాడతామన్న బెదిరింపూ అక్రమమేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1996లో అణ్వాయుధాలపై ఇచ్చిన సలహా అభిప్రాయంలో చెప్పింది. 1969 నాటి వియన్నా ఒప్పందాల కన్వెన్షన్ 52వ అధికరణం ఇంకో మెట్టు ఎక్కింది: చార్టర్‌కు విరుద్ధమైన బెదిరింపుతో చేయించుకున్న ఒప్పందం పూర్తిగా చెల్లదు. ఈ నియమాలు దేశాల కోసం. చెరోకీలు విదేశం కాదని మార్షల్ వాళ్ళను ఆ గీత బయటే ఉంచాడు. అయినా న్యూ ఎకోటా కాగితం లాంటివాటికి చట్టం చెప్పగల జవాబు ఇదే.

మార్షల్ చదివిన పద్ధతికి ఇటీవలి తోబుట్టువు కూడా ఉంది. 2000 జూన్‌లో సూరినామ్ గస్తీ పడవలు గయానా అనుమతితో పనిచేస్తున్న చమురు రిగ్ దగ్గరికొచ్చి, 12 గంటల్లో వెళ్ళిపోండి, లేకుంటే పర్యవసానం మీదే అన్నాయి. అది పోలీసు పని మాత్రమేనని సూరినామ్ వాదించింది. మధ్యవర్తుల ట్రైబ్యునల్ 2007లో ఆ మాటలను విన్నవాళ్ళకు ఎలా అర్థమయ్యాయో చూసి, అది సైనిక చర్య బెదిరింపేనని తేల్చింది. ‘చట్టం అమలుకే’ అంటూ సాయుధ దళాన్ని దించిన జార్జియాకు కూడా ఆ వాదమే ఆసరా.

వూస్టర్, బట్లర్లకు జార్జియా 1992లో మరణానంతర క్షమాభిక్ష ఇచ్చింది. తీర్పు మాత్రం ఎవరి క్షమాభిక్షా అడగనక్కర్లేని స్థితిలో మొదటి రోజు నుంచే ఉంది. సైన్యాన్ని ఆపగల శక్తి న్యాయమూర్తి కలానికి లేదు. బెదిరించినవాడు తన పనికి పెట్టుకునే మంచి పేర్లను ఒక్కొక్కటే ఊడబెరకడం మాత్రం దాని పని. వేట భూములు, రక్షణ, చట్టం అమలు లాంటి మాటలు ఇప్పటి పత్రికల్లోనూ కొత్త రూపాల్లో వస్తూనే ఉంటాయి. చెరోకీల నేల మీద ఇళ్ళు కట్టుకున్న మనం ఈ తీర్పును ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదివితే, బలమున్నవాడు రాసిన ఏ కాగితాన్నైనా ఏ వైపు నుంచి చదవాలో నేర్చుకుంటాం.