ఒక యింటిలో నాలుగు మతములు

పుట్టిన మతమును విడుచుట ఒక్క నిర్ణయముతో ముగియును. విడిచిన పిదప పెండ్లిని గూర్చి, వితంతువును గూర్చి, కులమును గూర్చి, ఆడుబిడ్డల చదువును గూర్చి ఏమి తలంపవలెనను ప్రశ్నలు మాత్రము దినదినమును ఎదురగుచునే యుండును. మునుపు వీనికి పురోహితుడో కులపెద్దయో సమాధానము చెప్పెడివాడు. ఇప్పుడు తానే చెప్పుకొనవలెను. ఆ శ్రమకు ఓర్వలేక, మతము విడిచినవారిలో పెక్కండ్రు క్రొత్త గురువును వెదకికొని ఆయన సమాధానములనే వల్లించుచుందురు. ప్రతి ప్రశ్నను విడిగా పరిశీలించి, తనవారి కోపమునకును వెఱవక తీర్పు చెప్పగలవారు కొలదిమందియే.

అట్టివారిలో మహాత్మా జోతీరావు ఫూలే యొకరు. ఆయన చివరి గ్రంథమగు ‘సార్వజనిక సత్యధర్మ పుస్తకము’ మరాఠీలోనిది. మహారాష్ట్రములో దానిపై చర్చ కొదువలేదు. ముంబయి తెలుగువారు దానిని గూర్చి తలంపవలసిన ప్రత్యేక కారణమొకటి కలదు. ఆ గ్రంథకర్త స్థాపించిన సత్యశోధక సమాజమునకు ముంబయిలో అండగా నిలిచినవారిలో మన తెలుగువారే ముఖ్యులు.

కామాటి యనగా కట్టడపు పనులయందును మట్టిపనులయందును పాటుపడువాడు. పద్దెనిమిదవ శతాబ్ది తుదియందు నైజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కామాటులు నివసించుటచేత ఆ పేటకు కామాటిపుర యను పేరు వచ్చినది. నగరము ఆ పేరును మఱియొక యర్థముతో పలుకుట కలవాటుపడినను, మనకది తాతముత్తాతలు కాపురముండిన పేట. ఆ శ్రమజీవులనుండియే కొందఱు గుత్తదారులై, నగరపు కట్టడములను నిర్మించి ధనము గడించిరి. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళోజీ కాలేవార్, జయా కరాడీ లింగు, నర్సింగరావు సాయబు వడ్నాల యనువారు వీరిలో ప్రసిద్ధులు. పుణెలో 1873 సెప్టెంబరు 24వ తేదీన సత్యశోధక సమాజము వెలసిన పిమ్మట వీరు దానికి బాసటయైరి. సమాజమునకు 1200 రూపాయల ముద్రణయంత్రమును సమకూర్చిన ఖ్యాతి ముంబయి తెలుగు సభ్యులదే. సమాజపు మొదటి మహాసభ 1911 ఏప్రిల్ 17వ తేదీన పుణెలో జరిగినపుడు అధ్యక్షపీఠము నలంకరించినవారు రామయ్య వెంకయ్య అయ్యవారు. ఒక మరాఠీ ఉద్యమపు ప్రథమ మహాసభకు ఒక తెలుగు పెద్ద అధ్యక్షత వహించుట చిన్న విషయము కాదు. మన ఉత్సవ ప్రసంగములలో ఈ మాట వినబడుట మాత్రము అరుదు.

వీరు సత్యశోధకులగుటకు కారణమూహించుట కష్టము కాదు. చేతినిండ ధనమున్నను జన్మచేత తక్కువవారను మాట వారిని వదలలేదు. పెండ్లికిని, చావునకును, గృహప్రవేశమునకును తమకు తెలియని భాషలో మంత్రము చదివించి, కూలివాడు తన నెలల కష్టార్జితమును ధారవోయుటను వారు కన్నులార చూచినవారు. సత్యశోధక సమాజము పురోహితుడు లేని పెండ్లిని ఆచరణలో పెట్టినది. అట్టి మొదటి వివాహము 1873 డిసెంబరు 25వ తేదీన జరిగినది. దీనికి ప్రతిఘటనయు తీవ్రముగానే యుండెను. జున్నరు తాలూకా ఓతూరు గ్రామమున 1884లో ఇట్టి పెండ్లి జరుగగా, దక్షిణ తమకు రావలసినదేయని గ్రామ జోశీలు వేసిన వ్యాజ్యము ముంబయి హైకోర్టు వరకు నడచినది. మంత్రము చదువకున్నను రుసుము చెల్లింపవలెనను వాదము న్యాయస్థానములో వినబడిన కాలమది.

ఇక గ్రంథము. 1888 మే 11వ తేదీన ముంబయి మాండవీ కోళీవాడలో ప్రజలు ఫూలేకు మహాత్మ బిరుదము నిచ్చి సన్మానించిరి. ఆ యేడే పక్షవాతము వచ్చి ఆయన కుడిచేయి పడిపోయెను. ఎడమచేతితో వ్రాయుట నేర్చుకొని ఈ గ్రంథమును పూర్తిచేసెను. 1890 నవంబరు 28వ తేదీన ఆయన కన్నుమూయగా, 1891లో అది అచ్చయినది. ప్రశ్నోత్తరముల రూపమున నడచు పుస్తకమిది. సృష్టికర్తను ఫూలే ‘నిర్మికు’ డనును. దేవుడు లేడని ఆయన అనలేదు. దేవునికిని మనుష్యునికిని నడుమ దళారి యక్కఱలేదనెను. సత్యవర్తనుడనగా ఎవడను ప్రశ్నకు సమాధానముగా ముప్పదిమూడు నియమములను చెప్పెను. వానియందు ‘మనుష్యులు’ అని యూరకొనక, ‘స్త్రీపురుషు లందఱు’ అని పదేపదే స్పష్టముగా వ్రాయుట గమనింపదగినది. ‘మనుష్యు’ డనినపుడు వినువాని మనస్సులో పురుషుడు మాత్రమే మెదలునని ఆయన యెఱుగును.

గ్రంథమంతటిలోను నాకు శిఖరముగా తోచు ఘట్టమొకటి కలదు. ఒక కుటుంబములో భార్య బౌద్ధ గ్రంథమును చదివి, ఇష్టమైనచో బౌద్ధమతమును స్వీకరింపవచ్చును. భర్త బైబిలు చదివి క్రైస్తవుడు కావచ్చును. కుమార్తె ఖురాను చదివి మహమ్మదీయురాలు కావచ్చును. కుమారుడు సత్యధర్మ పుస్తకమును చదివి సత్యధర్మి కావచ్చును. నలుగురును ఒకరినొకరు ద్వేషింపక, అందఱము ఒకే నిర్మికుని బిడ్డలమని తలచి, ఒకే యింట ప్రేమతో మెలగవలెనని ఫూలే అభిప్రాయము.

ఇది సర్వమత సమానత్వమును గూర్చిన సామాన్య ప్రవచనము కాదు. వేదికపై అన్ని మతములును సమానములే యని పలుకుట సులభము; వినువారు పొరుగు వీథిలోని మతమును తలచుకొని తలయూపుదురు. ఫూలే ఆ ప్రశ్నను వంటయింటిలోనికి తెచ్చెను. పైగా మొదట చదువు చెప్పి, తరువాత స్వీకారము చెప్పెను. భార్య భర్తవెంట మతము మారుటలేదు. తాను చదివి, తాను నిశ్చయించుకొనుచున్నది. కుమార్తె పెండ్లిచేత మతము మారుటలేదు. ఆమెయు చదివియే నిశ్చయించుకొనుచున్నది. అన్నింటికంటె విశేషము, తాను స్థాపించిన ధర్మమును ఫూలే ఆ యింటిలో నలుగురిలో నొకరికే యిచ్చుట. తన గ్రంథము చదివినవారందఱును తన మార్గమునకే రావలెనని కోరని మతసంస్థాపకులు ఎందఱుందురు?

ఈ యుదారత పుస్తకమునకే పరిమితము కాదనుటకు 1880లనాటి రెండు వివాదములు సాక్ష్యము. తారాబాయి శిందే 1882లో ‘స్త్రీపురుష తులన’ యను చిన్న పుస్తకము వ్రాసి, స్త్రీలపై మోపు నిందలన్నియు పురుషులకును చెల్లునని నిర్భయముగా వాదించెను. పత్రికలు ఆమెను పరిహసించినవి. సంస్కృత పండితురాలగు రమాబాయి 1883లో ఇంగ్లండులో క్రైస్తవమతము స్వీకరింపగా పుణె పెద్దలు మండిపడిరి. ఫూలే 1885లో వెలువరించిన ‘సత్సార్’ సంచికలలో ఈ యిరువురి పక్షమును వహించెను. తారాబాయిని కుమార్తెగా సంబోధించి ఆమె పుస్తకమును తన తోటివారు చదువవలెనని కోరెను. ఆయన స్వయముగా క్రైస్తవుడు కాలేదు. అయినను ఒక స్త్రీ తన బుద్ధితో చేసిన నిర్ణయమును గౌరవించెను. రమాబాయియు మతము మారినంతమాత్రమున బుద్ధిని తాకట్టు పెట్టలేదు. తనకు బోధించిన ఇంగ్లండు క్రైస్తవ గురువులతోడనే సిద్ధాంత విషయములందు ఉత్తరములలో వాదించెను. 1889లో ముంబయి చౌపాటీవద్ద వితంతువులకు శారదా సదనమును తెఱచెను. మతమును విడిచిన పిదపను స్వతంత్రముగా నిలుచుట యనగా నేమో ఆమె చరిత్రమునందు చక్కగా తెలియును.

అయినను గుణములనే చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. ఈ గ్రంథమునందును, ఫూలే యితర రచనలయందును చరిత్రభాగము నేడు నిలువదు. అవతార కథలను ఆర్యుల దండయాత్రలకు గుర్తులుగా తీసికొని, బలిచక్రవర్తి రాజ్యమును చరిత్రగా నిరూపింపబూనుట ఆవేశముచేత శక్తిమంతమేకాని పరిశోధనచేత కాదు. ప్రశ్నించువారు తఱచుగా శిష్యులవలె తలయూపుదురు. గట్టిగా ఎదిరించు ప్రతివాది ఒక్కడున్నచో గ్రంథము ఇంకను పదునెక్కియుండెడిది. బ్రాహ్మణవర్గముపై ఆయన వాడిన పరుషపదములు కొన్నిచోట్ల వ్యక్తికిని వ్యవస్థకును గల భేదమును చెఱపివేయును. కాని ఆ పదములు వ్రాసినవాని యిల్లు ఎట్టిదో చూడవలెను. దిక్కులేని బ్రాహ్మణ వితంతువులు రహస్యముగా ప్రసవించుటకు తన యింటనే తావిచ్చినవారు జోతీరావు, సావిత్రీబాయి దంపతులు. అట్టి వితంతువునకు పుట్టిన బిడ్డనే యశ్వంతుడను పేర దత్తుగా పెంచిరి. ఆ దత్తపుత్రుని పుట్టుక ఆ పరుషపదములకు తగిన వ్యాఖ్యానము.

పురోహితుని వలదన్నవాడు తానే పెండ్లిపాటలను, సంస్కారవిధులను కూర్చుట విరుద్ధము కాదా యని కొందఱందురు. నా మతమున ఇది లోపము కాదు. ఎనిమిది కుటుంబములు ఒకే వసారాపై బ్రదుకు చాల్‌లో పెండ్లి నలుగురి కన్నుల యెదుట జరుగవలసినది. నలుగురును పలుకదగిన మాటలు కొన్ని కావలెను. ఫూలే కూర్చిన విధిలో వధువు తన హక్కులను వరునినుండి కోరి తీసికొనును. పాత తంతును తీసివేసి శూన్యమును మిగుల్చుటకంటె, అర్థమగు భాషలో సమానత్వమును పలికించుట మేలు.

ఫూలే అనంతరము ఈ సమగ్రత నిలువలేదు. ఇరువదవ శతాబ్దిలో సత్యశోధకోద్యమము క్రమముగా బ్రాహ్మణేతర రాజకీయములలో కలిసెను. ఉద్యోగములు, పదవులు, ఎన్నికలు ముందునకు వచ్చినవి. తారాబాయి ప్రశ్నలు వెనుకబడినవి. పౌరోహిత్యమును తిరస్కరించిన కుటుంబములలోనే కుమార్తె పెండ్లి విషయమున కులము మరల తలయెత్తెను. ఒక్క ప్రశ్నకు సమాధానము దొరకినంతనే తక్కిన ప్రశ్నలన్నియు తీరినట్లు భావించుట ఇందలి పొరపాటు.

తెలుగు దేశమున ఇదే ప్రశ్న వేర్వేరు రూపములలో కనబడును. త్రిపురనేని రామస్వామి చౌదరి పౌరోహిత్యమును కాదని తెలుగులో ‘వివాహవిధి’ని రచించెను. చలము యౌవనమున బ్రహ్మసమాజమున చేరి, దానిని దాటి, 1927లో ‘మైదానము’ వ్రాసి స్త్రీని గూర్చిన చర్చను తలక్రిందులు చేసెను. 1950లో అరుణాచలమునకు వెడలి రమణాశ్రమ సన్నిధిని స్థిరపడెను. ఆయన ఓడిపోయెనని కొందఱు, పూర్వరచనలు బాల్యచేష్టలని కొందఱు అందురు. ఇరువురును ఆయన చేరిన చోటునుబట్టి తీర్పు చెప్పుచున్నారు. స్త్రీని గూర్చి ఆయన లేవదీసిన ప్రశ్న ఆశ్రమమునకు వెళ్ళినంతమాత్రమున అసత్యము కాజాలదు.

గోరాగారి కథ మఱింత బోధకము. ఒకప్పుడు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అధ్యక్షులై సంస్కరణకు పుట్టినిల్లుగా పేరొందించిన కాకినాడ కళాశాలనుండియే 1933లో గోరా నాస్తికుడను కారణముచే తొలగింపబడెను. విగ్రహమును విడిచిన సంస్కరణమునకును దేవుని విడిచినవాడు సహింపరాని వాడయ్యెను. గోరా మాత్రము తన నిర్ణయమును ఉపన్యాసములతో ముగింపలేదు. 1940లో ముదునూరునందు నాస్తిక కేంద్రమును స్థాపించెను. తన కుమార్తెను అస్పృశ్యులనబడిన కులములో పుట్టిన యువకునకిచ్చి 1948 మార్చిలో సేవాగ్రామమున వివాహము చేసెను. ఆ వివాహము జరిపింప నిశ్చయించిన గాంధీమహాత్ముడు అప్పటికే హతుడైయుండెను. ఫూలే దేవుని నిలుపుకొనెను, గోరా విడిచెను, చలము మరల వెదకెను. గమ్యములు మూడును వేఱు. కాని కులమునెడల, స్త్రీయెడల వారి తీర్పులు పెద్దల యరువు కావు. ఎవరికి వారు మూల్యము చెల్లించి సంపాదించుకొన్నవి.

ఈ చర్చ మన యిండ్లకు దూరమైనది కాదు. చాల్‌లో మనలను నిలిపినది కులము. ఊరినుండి వచ్చినవానికి చోటు చూపినది, మిల్లులో పని యిప్పించినది, చావునకు నలుగురిని పిలిచినది అదియే. ఆ మేలును మఱచుట కృతఘ్నత యగును. ఆ కులమే, మాట వినని కుటుంబమునకు శుభకార్యములలో పిలుపు మాన్పించి, కట్టుబాటు పేర శిక్షింపనుగలదు. ముంబయి రాష్ట్రము 1949లో సంఘ బహిష్కారమును నిషేధించుచు చేసిన చట్టమును, మత స్వాతంత్ర్యమునకు భంగకరమని 1962లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. మహారాష్ట్ర శాసనసభ 2016లో ఆమోదించిన సాంఘిక బహిష్కార నిషేధ చట్టము 2017లో అమలులోనికి వచ్చినది. నేడు కులపంచాయతి వెలివేయుట నేరము. కాని పెండ్లిపిలుపు మానుటను, పలుకరింపు మానుటను ఏ పోలీసువాడు పట్టుకొనగలడు?

వర్లీ చాల్‌ల స్థానమున ఎత్తయిన భవనములు లేచుచున్నవి. కామాటిపురయందును పునర్నిర్మాణ ప్రణాళికలు సాగుచున్నవి. తలుపు మూసిన ఫ్లాటులో కులపెద్ద కన్ను పడదు గనుక స్వాతంత్ర్యము దానంతటదే వచ్చునని కొందఱనుకొందురు. అది నిజము కాదు. ఎవరును చూడకపోవుట వేఱు, చూచియు గౌరవించుట వేఱు. మన బిడ్డలలో ఒకరు మరాఠీ బౌద్ధ కుటుంబమున కోడలగుదురు, ఒకరు చర్చికి పోవుదురు, ఒకరు ఏ దేవునికిని మ్రొక్కమందురు, ఒకరు మార్కండేయుని గుడిలో భక్తితో సేవచేయుదురు. నలుగురిని ఒకే పండుగకు పిలిచి, ఒకే పంక్తిలో కూర్చుండబెట్టగల యిల్లే ఫూలే చెప్పిన యిల్లు. గుడికి పోవు బిడ్డను చూచి నవ్వు నాస్తికుడును, చర్చికి పోవు బిడ్డను వెలివేయు భక్తుడును ఆ యింటికి సమానముగా దూరమైనవారే.

మన సమాజములు తెలుగు బడి, తెలుగు నాటకము, తెలుగు పండుగలతోపాటు ఈ తెలుగు వారసత్వమును గూడ తలంపవలెను. సత్యశోధక సమాజమునకు ముద్రణయంత్రమును సమకూర్చిన మన పూర్వులను గూర్చిన పాఠము మన పిల్లల పుస్తకములలో చేరవలెను. ఫూలే గ్రంథములోని ఆ నలుగురి కుటుంబ ఘట్టము తెలుగులో అందఱికిని అందవలెను. అంతకంటె ముందు, కులము వెలుపల పెండ్లియాడిన కారణమున మన సభ్యత్వపు పట్టికనుండి మౌనముగా జారిపోయిన కుటుంబములకు వచ్చు ఉగాదికి పిలుపు పంపవలెను. రామయ్య వెంకయ్య అయ్యవారు అధ్యక్షత వహించిన సభయొక్క పని ఆ పిలుపుతో కొంత ముందునకు సాగును.