పలుగురాయికి మెరుగు

బోరబండ నుంచి ఫిలింనగర్ దాకా ఎక్కడ పునాది తవ్వినా గడ్డపారకు తగిలేది గ్రానైటే. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో మొదలైన రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎటు చూసినా గుట్టలూ బండలే. ఆ తర్వాత స్టూడియోలు, బంగళాలు, బస్తీలు, అపార్ట్‌మెంట్లు వాటి మధ్యా వాటి మీదా లేచాయి. తవ్విపోసిన కుప్పల్లో బూడిదరంగు, గులాబీరంగు ముక్కల నడుమ అక్కడక్కడా తెల్లటి రాయి కనిపిస్తుంది. అది పలుగురాయి. గ్రానైటు పగుళ్ళలోకి సిలికా కరిగిన వేడినీళ్ళు చేరి, చల్లారే కొద్దీ ఆ సిలికా గట్టిపడి ఏర్పడిన చారల తునక. లారీకెక్కి ఎక్కడో గోతిని పూడ్చడానికి పోయే ఈ తునకల్లో ఇంట్లోనే మెరుగు పెట్టుకోదగ్గవి చాలా ఉంటాయి.

రాళ్ళకు మెరుగు పెట్టే ఈ సరదాలోకి కొత్తగా వచ్చేవారి చేయి ముందుగా గులాబీరంగు గ్రానైటు మీదికే పోతుంది. ఆ రంగు అలాంటిది. కానీ డ్రమ్ములో వేసి దొర్లించి నునుపు చేయడానికి గ్రానైటు ముక్క పనికిరాదు. అది ఒక రాయి కాదు, మూడు నాలుగు ఖనిజాల కూటమి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ పట్టికలో పలుగురాయిది 7, గులాబీరంగునిచ్చే ఫెల్డ్‌స్పార్‌ది 6, అభ్రకానిది మూడు లోపే. మూడూ ఒకే డ్రమ్ములో అరిగితే మెత్తనిది ముందు ఊడిపోతుంది, గట్టిది నిలబడుతుంది, చివరికి మిగిలేది గుంతలు పడ్డ ముఖం. పలుగురాయి అలా కాదు. ఒకే ఖనిజం, ఒకే గట్టిదనం. పొరలుగా చీలే గుణం లేదు గనక ఎటువైపు అరిగినా ఒకేలా అరుగుతుంది. పగుళ్ళు లేని ముక్కను ఏరుకోవడమే ఇందులో సగం పని. వెలుతురుకు ఎదురుగా పట్టి తిప్పి చూస్తే లోపలి పగులు మెరుపుగీతలా బయటపడుతుంది.

పనిముట్టు చిన్నదే. రబ్బరు పూత ఉన్న డ్రమ్ము, దాన్ని మెల్లగా తిప్పే రెండు రోలర్లు, ఒక మోటారు. డ్రమ్ములో మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు దాకా రాళ్ళు పోయాలి. అన్నీ ఒకే సైజువి కాకుండా చిన్నా పెద్దా కలవాలి, అప్పుడే సందులు పూడి రాపిడి సరిగా జరుగుతుంది. తర్వాత సిలికాన్ కార్బైడ్ పొడి, అంటే హార్డ్‌వేర్ దుకాణాల్లో కార్బోరండం అని అడిగేది. రాళ్ళు మునిగీ మునగనట్టుగా నీళ్ళు. పైన గట్టి మూత. డ్రమ్ము తిరిగేటప్పుడు రాళ్ళు గోడవెంట పైకెక్కి ఒక వాలుగా కిందికి జారుతాయి. ఆ జారుడులోనే, రాయికీ రాయికీ మధ్య చిక్కిన పొడి రెంటినీ కోస్తుంది. మరీ నిండా పోస్తే రాళ్ళు కదలవు. మరీ తక్కువ పోస్తే జారడం మాని ఎగిరిపడి ఒకదాన్నొకటి చితక్కొట్టుకుంటాయి.

మొదటి విడతకు 60 నుంచి 90 నంబరు ముతక పొడి. రేయింబవళ్ళు వారం పాటు తిరగాలి. మూలలు, అంచులు పోయి రాయికి రూపు వచ్చేది ఇక్కడే. పలుగురాయి మొండిది గనక ఒక వారం చాలకపోవచ్చు. అప్పుడు అదే పొడితో రెండోవారం, అవసరమైతే మూడోవారం తిప్పాలి తప్ప ముందుకు పోకూడదు. రెండో విడతకు 120 నుంచి 220, మూడోదానికి 500 దరిదాపు. చివర్న అల్యూమినియం ఆక్సైడ్ లేదా సీరియం ఆక్సైడ్‌తో మెరుగు. ఎంత తొందరపడినా నెల రోజులకు తక్కువ పట్టదు.

విడతలు ఎందుకంటే, ప్రతి పొడీ తనకు ముందు పొడి గీసిన గీతలను చెరిపి, తనవైన సన్నటి గీతలు గీస్తుంది. అవి కంటికి ఆననంత సన్నబడ్డప్పుడు రాతిముఖం మీద పడ్డ వెలుగు చెదరకుండా తిరిగివస్తుంది. మెరుగంటే ఇంతే. రాయికి పైనుంచి ఏ పూతా పూయడం లేదు. 60 నంబరు గీతను 500 నంబరు పొడి నెలల తరబడి తిరిగినా పూర్తిగా చెరపలేదు. నడుమ ఒక విడత దాటేసినవారికి చివర్న దక్కేది మసక రాయే.

శుభ్రత విషయంలో కూడా ఇంతే పట్టుదల కావాలి. ఒక విడత నుంచి ఇంకో విడతకు మారేటప్పుడు డ్రమ్మును, మూతను, ప్రతి రాయినీ బ్రష్షుతో రుద్ది కడగాలి. పగులులో దాక్కున్న ఒక్క ముతక రేణువు మెరుగు విడతలో బయటికొస్తే ఆ డ్రమ్ములోని రాళ్ళన్నింటి మీదా గీతలు పడతాయి. అందుకే పగుళ్ళ రాళ్ళను మొదటి విడత తర్వాత నిర్దయగా ఏరి పారేయాలి. ఇంకో జాగ్రత్త: రాయి నునుపు తేలిందా లేదా అన్నది తడిమీద తేల్చకూడదు. నీటి పొర ఏ రాయినైనా మెరిపిస్తుంది. తుడిచి, ఆరబెట్టి, ఎండలో తిప్పి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. చివరి విడతల్లో పలుగురాళ్ళు ఒకదానికొకటి తగిలి తెల్లటి దెబ్బమచ్చలు పడకుండా ప్లాస్టిక్ గుళికలు గానీ పింగాణీ గుళికలు గానీ కలుపుతారు.

డ్రమ్ములోంచి వచ్చే బురద దోసెపిండిలా చిక్కగా ఉంటుంది. దాన్ని సింకులో పోస్తే పైపులో పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. బకెట్లో తేర్చి, పైనీళ్ళు వంచి, అడుగును తడిగానే సంచిలో కట్టి పారేయడం మంచిది. ఆరి పొడిగా లేచిందంటే అది ఊపిరితిత్తులకు చేటు చేసే సిలికా దుమ్ము. గోడకు గోడ ఆనుకున్న బోరబండ సందుల్లో మోటారు చప్పుడు పక్కింటివారి నిద్రకూ సంబంధించిన విషయం. రబ్బరు డ్రమ్ము కింద మందపాటి పట్టా వేయడం కనీస మర్యాద.

ఈ యంత్రం కొత్తదే గాని పని మాత్రం తెలుగునేలకు కొత్తది కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే శాతవాహనుల కాలపు పూసలు విస్తారంగా బయటపడ్డాయి. వాటిలో అకీకు (అగేట్), స్ఫటికం, ఎర్రటి కార్నీలియన్ కూడా ఉన్నాయి. అక్కడి మ్యూజియంలో వాటిని ఇప్పటికీ చూడవచ్చు. అంతకంటే ముందటి ఆధారం భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన రాతి పేటికల్లో ధాతువులు దాచిన స్ఫటిక భరిణె దొరికింది. స్వచ్ఛమైన పలుగురాయే స్ఫటికం. కరెంటూ కార్బోరండమూ లేని రోజుల్లో దాన్ని తొలిచి, లోపలా బయటా నునుపు తేల్చిన పనితనానికి చేతులెత్తి నమస్కరించాలి.

ఆ పనివారు వాడిన పద్ధతి వివరంగా రాసి ఉంచినవారు లేరు. కానీ గుజరాత్‌లోని ఖంభాత్‌లో పూసలు చేసేవారి పాత పద్ధతి నమోదై ఉంది. పూసలనూ కురువిందపు పొడినీ నీళ్ళతో కలిపి తోలుసంచిలో మూటకట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని దాన్ని అటూ ఇటూ రోజుల తరబడి దొర్లించేవారు. నేటి డ్రమ్ము చేసేదీ అదే పని. కురువిందమూ, మెరుగు విడతలో వాడే అల్యూమినియం ఆక్సైడూ రసాయనికంగా ఒకటే పదార్థం. అనంతపురం, ఖమ్మం ప్రాంతాల్లో కురువిందం భూమిలోనే దొరుకుతుంది. అదే ఖంభాత్‌లో అకీకును పొడిగా అరగదీసే కార్మికులు సిలికోసిస్‌తో ఊపిరి పోగొట్టుకున్నారు. నీళ్ళలో దొర్లించే పద్ధతికి ఉన్న విలువ మెరుపు ఒక్కటే కాదని అందుకే గట్టిగా చెప్పాలి.

పలుగురాయి మీద చేయి తిరిగాక అకీకు వైపు మనసు పోవడం సహజం. దానికోసం పడమటికి వెళ్ళాలి. వికారాబాద్, జహీరాబాద్ వైపు నేల గ్రానైటు కాదు, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా. ఆ లావాలో గాలిబుడగలు మిగిల్చిన బొరియల్లో సిలికా పొరలుపొరలుగా పేరుకుంటే అకీకు అవుతుంది. వాగుల్లో కొట్టుకొచ్చిన గులకరాళ్ళను ఒక చేత్తో ఏరుతూ, ఇంకో చేత్తో తడిపి చూస్తే పొరల గీతలు తేలుతాయి.

నగరంలో మాత్రం హద్దులు తెలిసి ఏరుకోవాలి. కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానం. అక్కడినుంచి రాయి తేవడం చట్టరీత్యా తప్పు. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ వంటి సంస్థలు పోరాడి నిలుపుకొస్తున్న బండల మీద ఎంత అందమైన పలుగుచార కనిపించినా సుత్తి ఎత్తకూడదు. ఎలాగూ తవ్విపోసిన రాయి ఊరంతా ఉంది. పునాది గోతి దగ్గర మేస్త్రీని అడిగితే ఒక డ్రమ్ముకు సరిపడా పలుగుముక్కలు ఏరుకోనిస్తాడు.