ఎవరి మేనత్తను నేను?

2018లో నేను మూడు నెలలు ఉగాండాలో వాలంటీరుగా ఉన్నాను. అప్పటికి నా పీహెచ్‌డీ సగంలో ఉంది. కంపాలాకు రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో పిల్లలకు లైంగిక ఆరోగ్యం గురించి చెప్పడం నా పని. ఇంట్లో ఆ మాట పలకలేక ‘హెల్త్ క్లాసులు’ అన్నాను. ‘మలేరియా గురించా?’ అంది అమ్మ. అవునన్నాను.

అక్కడికి వెళ్ళాక తెలిసింది, అక్కడా అంతేనని. 2016లో ఉగాండా ప్రభుత్వం బడుల్లో లైంగిక విద్యను నిషేధించింది. 2018 మేలో విద్యాశాఖ ఒక కొత్త విధానపత్రం విడుదల చేస్తే మతసంస్థలు అడ్డుపడ్డాయి. అందుకని మా క్లాసుకి ‘జీవన నైపుణ్యాలు’ అని పేరు పెట్టారు. మనకిది కొత్తేమీ కాదు. 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు ఆపేసినప్పుడు వినిపించిన వాదనలే ఇవీ: మన సంస్కృతి కాదు, పిల్లలు చెడిపోతారు.

ఈ వ్యాసం ఆ మూడు నెలల అనుభవం గురించి కాదు. నా చేతికిచ్చిన ఒక పుస్తకం గురించి. నన్ను పంపిన సంస్థ ఇచ్చిన ఎనభై పేజీల కరదీపిక అది. సాహిత్య విద్యార్థిని కాబట్టి కథలూ నవలలూ విమర్శకు నిలబెట్టడం నాకు అలవాటు. ఇలాంటి పుస్తకాన్ని అలా చదవాలని మాత్రం అప్పుడు తోచలేదు. సమాచారం కదా, దానికి విమర్శ ఏమిటి అనుకున్నాను. ఇప్పుడు చదువుతున్నాను.

మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది వాక్యాల్లోని కర్త. ‘నువ్వు కాదని చెప్పాలి’, ‘నువ్వు ఆగాలి’, ‘నువ్వు జాగ్రత్తపడాలి’. ఈ ‘నువ్వు’ ప్రతిసారీ అమ్మాయే. గర్భం ‘వస్తుంది’, జబ్బు ‘సోకుతుంది’, బడి ‘ఆగిపోతుంది’. ఇవన్నీ ఎవరూ చేయకుండానే వానలా వచ్చి పడతాయి. ఎనభై పేజీల్లో మగవాడు కర్తగా ఉన్న వాక్యాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

రెండోది, చరిత్ర లేకపోవడం. పుస్తకం చదివితే ఉగాండాకి ఎయిడ్స్ గురించి మాట్లాడటం మేమే నేర్పుతున్నామనిపిస్తుంది. నిజం వేరు. భర్త ఎయిడ్స్‌తో చనిపోయిన 1987లోనే నోరీన్ కలీబా తోటివాళ్ళతో కలిసి ‘టాసో’ స్థాపించింది. 1989లో ఫిలీ లుటాయా అనే గాయకుడు తనకు హెచ్.ఐ.వి. ఉందని అందరి ముందూ చెప్పాడు. 1993 నుంచి ‘స్ట్రెయిట్ టాక్’ పత్రిక పిల్లల ప్రశ్నలకు జవాబులిచ్చింది. మనలో చాలామంది ‘స్వాతి’ వారపత్రికలో సమరం గారి జవాబులు దుప్పట్లో దాక్కుని చదివినట్టే, అక్కడా ఒక తరం చదువుకుంది. అంత మాట్లాడిన దేశానికి మాటలు నేర్పడానికి నేను వెళ్ళాను!

అయితే ఆ మాటలనూ విమర్శ లేకుండా తీసుకోనక్కర్లేదు. ఎనభైల చివర ఉగాండా ప్రభుత్వం ప్రచారం చేసిన నినాదం ‘జీరో గ్రేజింగ్’. పశువుని బయట మేతకు వదలకుండా పెంచే పద్ధతి అది. ఇంటి గడప దాటి వేరే సంబంధాలు పెట్టుకోవద్దని మగవాళ్ళకు చెప్పడం దాని ఉద్దేశం. రైతులకు వెంటనే అర్థమయ్యే మాట. చాలా ఉపయోగపడిందనీ అంటారు. నేనూ ఒప్పుకుంటాను. కనీసం ఇందులో కర్త మగవాడు. కానీ ఆ పోలికలో పశువు మగవాడైతే స్త్రీ ఎవరు? గడ్డి. ఇంటి గడ్డి, బయటి గడ్డి. గడ్డికి జబ్బు ఎక్కణ్ణించి వస్తుందో ఆ నినాదం చెప్పదు.

తర్వాత అమెరికా డబ్బు వచ్చింది. 2003లో మొదలైన పెప్‌ఫర్ చట్టం, నివారణ నిధుల్లో మూడోవంతు ‘పెళ్ళిదాకా ఆగు’ అనే ప్రచారానికే ఖర్చు చేయాలంది. ఆ నిబంధనను 2008లో సడలించారు. మా కరదీపికలో మాత్రం దాని నీడ అలాగే ఉంది. పెళ్ళి అనే మాట రాగానే పాఠం ముగుస్తుంది. పెళ్ళి ఒడ్డు, అది చేరితే ఇక ప్రమాదం లేదు. భర్తవల్లే జబ్బు సోకిన ఆడవాళ్ళకి అందులో పేజీ లేదు.

క్లాసులో ఒక అట్టపెట్టె పెట్టేదాన్ని. పేరు రాయకుండా చీటీలు వేయమనేదాన్ని. మూడోవారం ఒక చీటీ వచ్చింది. ‘మా సెంగా ఒకటి చెప్పింది. మీరు ఇంకొకటి చెబుతున్నారు. మీరు వెళ్ళిపోయాక నేను ఎవరిని అడగాలి?’

సెంగా అంటే ఎవరని తోటి టీచరుని అడిగాను. తండ్రికి అక్కగానీ చెల్లెలుగానీ అంది. ‘మేనత్త!’ అని గట్టిగా అనేశాను. ఇంగ్లీషులో రెండు మూడు మాటలు పెట్టి చెప్పుకోవాల్సిన బంధుత్వానికి ఆమె భాషలోనూ నా భాషలోనూ ఒకే మాట ఉన్నందుకు సంతోషపడ్డాను. బుగాండాలో ఆడపిల్లకు శరీరం గురించీ, కాపురం గురించీ చెప్పే బాధ్యత తల్లిది కాదు, సెంగాది.

మా కరదీపికలో సెంగా గురించి రెండే వాక్యాలున్నాయి, ‘హానికరమైన ఆచారాలు’ అనే శీర్షిక కింద.

మకెరెరే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసిన సిల్వియా తమాలే 2005లో ‘ఫెమినిస్ట్ ఆఫ్రికా’ పత్రికలో సెంగాల గురించి రాసిన వ్యాసం నేను తిరిగొచ్చాక చదివాను. వెళ్ళేముందు చదవవలసింది. సెంగా వ్యవస్థ ఆడపిల్లని భర్తకు అనుకూలంగా మలిచే పితృస్వామ్య సాధనమేనని ఆమె దాచదు. కానీ అక్కడితో ఆగదు. స్త్రీలు తమ సుఖం గురించి తమ భాషలో మాట్లాడుకునే చోటు కూడా అదేనంటుంది. నగరంలో డబ్బు తీసుకుని సలహాలిచ్చే సెంగాలు, రేడియోలో మాట్లాడే సెంగాలు, ఆడదానికి సొంత సంపాదన ఉండాలని చెప్పే సెంగాలు కూడా పుట్టుకొచ్చారని చూపిస్తుంది. ఆడపిల్లలు ‘పొదలోకి వెళ్ళి’ చేసుకునే లోపెదవులు సాగదీసే ఆచారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జననాంగ ఖండనతో ఒకే పట్టికలో చేర్చడాన్ని ఆమె ప్రశ్నిస్తుంది. నాకు ఆమెతో కొంత పేచీ ఉంది. పదేళ్ళ పిల్లకు ‘వద్దు’ అనే వీలు లేనిచోట దాన్ని ఎంతవరకు స్వేచ్ఛ అనగలం? కానీ ఆ పేచీ పెట్టుకోవాలన్నా ముందు ఆమె వాదన వినాలి. మా కరదీపిక వినలేదు.

జెనిఫర్ నన్సుబుగా మకుంబి 2020లో రాసిన ‘ద ఫస్ట్ వుమన్’ నవల నాకు ఇంకో దారి చూపింది. ఇదీ అమీన్ కాలపు ఉగాండాలో కిరాబో అనే అమ్మాయి, తనను వదిలివెళ్ళిన తల్లి జాడ కోసం, ఊరు మంత్రగత్తె అని వెలేసిన న్సూటా దగ్గరికి రహస్యంగా వెళుతుంది. చూపులేని ఆ ముసలామె చెప్పే కథల్లోనే కిరాబో శరీరానికీ కోపానికీ అర్థం దొరుకుతుంది. స్త్రీవాదానికి ఈ నవల వాడే మాట దేశీయమైనదే: ‘మ్వెంకనొంకానొ’. అణచివేతకు గురైనవాళ్ళు ఒకరినొకరు కరుచుకోవడానికీ ఒక మాట ఉంది: ‘క్వెలుమా’. ఈ నవలలో పెద్దాడవాళ్ళు దేవతలు కారు. చెప్పవలసింది దాస్తారు, ఒకరినొకరు గాయపరుచుకుంటారు. అయినా అమ్మాయి ప్రశ్న వాళ్ళ మధ్యనే తిరుగుతుంది. వాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోరు.

నేను వెళ్ళిపోయాను. తెల్లవాళ్ళ ఉద్ధరణ యాత్రల మీద టెజు కోల్ 2012లో రాసింది చదివే వెళ్ళాను. నేను తెల్లదాన్ని కాదు కాబట్టి అది నాకు వర్తించదనుకున్నాను. అక్కడి పిల్లలు నన్ను ‘ముయిందీ’ అనేవారు, అంటే ఇండియా మనిషి. వాళ్ళకు తెలిసిన ఇండియా మనిషి కొట్టు యజమాని. 1972లో అమీన్ ఆసియావాళ్ళని వెళ్ళగొట్టిన కథ వాళ్ళ తాతలు చెప్పి ఉంటారు. ఆ చరిత్రలో నేనెక్కడ నిలబడ్డానో నాకు తోచలేదు.

తోచినా తోచకపోయినా జరిగింది ఒకటుంది. రెండో బెంచీలో కూర్చునే పదిహేనేళ్ళ అమ్మాయి ఒక సోమవారం నుంచి రాలేదు. కడుపుతో ఉందని, బడి నుంచి పంపేశారని తర్వాత తెలిసింది. ఆ వారం నేను చెప్పవలసిన పాఠం ‘ఆగడం వల్ల లాభాలు’. చెప్పాను. ఆ అమ్మాయి ఇల్లెక్కడని అడగలేదు. కరదీపికలో ఆమెకు పాఠం లేదు కాబట్టి నాకు పని లేదనుకున్నాను. నివేదికలో హాజరు గడిలో ఒకటి తగ్గించి రాశాను. చీటీ రాసింది ఆమేనా అని ఇప్పటికీ అనుకుంటాను.

పోయినేడు మా అన్నయ్య కూతురు పెద్దమనిషయింది. మేనమామ బట్టలు పెట్టాడు. మేనత్తగా నేను హారతిచ్చాను. ‘కోడల్ని చేసుకుందామంటే నీకు కొడుకు లేడే’ అని ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో మన మేనత్తకీ వాళ్ళ సెంగాకీ తేడా అర్థమైంది. బుగాండాలో తండ్రి వంశంలో పెళ్ళి నిషిద్ధం. మేనరికం ఉన్న మనదగ్గర మేనత్త అంటే రేపటి అత్తగారు. శరీరం గురించి ఆమెను అడిగే ఆడపిల్ల ఎవరు? ఆమె మాటలో పాఠం ఎంత, పరీక్ష ఎంత? ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకాన్ని హైదరాబాదు స్త్రీలు బృందంగా కూర్చుని రాసుకోవలసి వచ్చిందంటే, ఇళ్ళలో ఆ ప్రశ్నలకు చోటు లేకనే కదా.

రాత్రి వదిన ‘నువ్వే ఏమైనా చెప్పు, నీకు తెలుసుగా’ అంది. పిల్ల పక్కన పడుకున్నాను. పాఠాలన్నీ గుర్తున్నాయి, ఇంగ్లీషులో. తెలుగులో ఒక్క మాటా రాలేదు. వచ్చిన మాటలు కొన్ని బూతులు, కొన్ని సంస్కృతం.

చివరికి పిల్లే అడిగింది. ‘అత్తా, నీకెవరు చెప్పారు?’

ఎవరూ చెప్పలేదన్నాను. అక్కణ్ణించి మొదలుపెట్టాం. ఇంకా పూర్తికాలేదు. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. కొన్నిటికి ‘తెలుసుకుని చెప్తా’ అంటాను. మరుసటి ఆదివారం చెబుతాను.