‘నాకు వంట వచ్చు’: ఒక ఫ్రెంచి వంట పుస్తకము

బడిలో ఫ్రెంచి చదువుకొన్న మన మారిషస్ తెలుగువారిలో, వంట మీద మక్కువ గలవారు ఫ్రెంచి వంట పుస్తకములను పదిలముగా దాచుకొందురు. ఈ మక్కువకు తగిన కారణమున్నది.

1903లో ఎస్కోఫియే వ్రాసిన పెద్ద గ్రంథము వృత్తి వంటవారికి ఉద్దేశించినది. 1932లో జినెట్ మతియో వ్రాసిన ‘జ సే క్విజినే’ ఇల్లు నడుపుకొనేవారి కొరకు. ‘నాకు వంట వచ్చు’ అని ఆ పేరునకు అర్థము. ఆమె గృహవిజ్ఞానము బోధించిన ఉపాధ్యాయిని. కనుక తూకము, కాలము చెప్పి, నాలుగు మాటలలో పాఠము ముగించును. ఇది దాని గుణము. లోపమూ ఇక్కడే గలదు: ఏమి చేయవలెనో చెప్పును గాని, ఎందుకో అంతగా చెప్పదు. ఆ విషయమున 1927 నాటి మదాం సెంతాంజ్ పుస్తకము మేలు. ఆమె ఓపికగా కారణములు విడమరచును.

ఇట్టి పుస్తకములను దాచుకొన్న మనము, మన అవ్వల పప్పు, పులుసు, పచ్చళ్ళ పాళ్ళను ఎక్కడ దాచితిమి? అవి చేతి అంచనాలోనే యుండి, ఆ చేతులతోనే పోవుచున్నవి. పోపు, ఇగురు వంటి మాటలు కూడ వాటి వెంట పోవును. మతియో తూకమును, సెంతాంజ్ ఓపికను నేర్చుకొని, మన వంటలను మనము తెలుగులో వ్రాసుకొనవలెను. ఇంట పెద్దలున్న చదువరులు ఒక్క వంటకముతోనైన మొదలుపెట్టగోరుచున్నాము.