తీగల చిక్కు నుంచి తాకే తెర దాకా

ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే కుర్రాళ్ల బల్ల ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. బ్రెడ్‌బోర్డు, దాని నిండా రంగురంగుల జంపర్ వైర్లు, ఓ మూల ఆర్డ్యునో బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఆర్డ్యునో పుట్టినప్పటి నుంచి ఔత్సాహికులకు ఇదే బడి. ఎల్‌ఈడీ వెలిగించడంతో మొదలవుతారు, సెన్సర్ కలుపుతారు, చిన్న డిస్‌ప్లే తగిలించేసరికి బల్ల కనిపించదు. ఒక్క వైరు వదులైతే చాలు, తప్పు ప్రోగ్రాములో ఉందా, కనెక్షన్‌లో ఉందా అని తేల్చుకునేసరికి పూట గడిచిపోతుంది.

చైనాలోని షెన్‌జెన్‌కు చెందిన ఎం5స్టాక్ కంపెనీ తెచ్చిన కోర్2 ఆ బల్లను దాదాపు ఖాళీ చేసేస్తుంది. పొడవూ వెడల్పూ 54 మిల్లీమీటర్లే, మందం 16. ముందు రెండంగుళాల టచ్‌స్క్రీన్. లోపల వై-ఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్, బ్యాటరీ, కదలికను పసిగట్టే సెన్సర్, మైకు, స్పీకరు, టైము చూసుకునే చిప్, వైబ్రేషన్ మోటారు. పక్కన మెమరీ కార్డు పెట్టుకునే చోటు. అదనంగా ఏదైనా కావాలంటే టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా కింద మరో మాడ్యూల్ అమర్చుకోవచ్చు. సోల్డరింగ్ పని లేదు.

చేతిలోకి తీసుకోగానే కంటికి ఆనేవి తెర కింద ఉన్న మూడు ఎర్రటి వలయాలు. ఇదే కంపెనీ పాత మోడల్‌లో ఆ చోట నొక్కితే లోపలికి దిగే బటన్లు ఉండేవి. కోర్2లో అక్కడ బటన్లు లేవు. వేలిని గుర్తించే పొర బొమ్మ కనిపించే భాగం దాటి కిందికి కూడా సాగి ఉంటుంది. వేలు ఆనినప్పుడు ఆ పొర కెపాసిటెన్స్ మారుతుంది, టచ్ చిప్ దాన్ని కొలిచి ఎక్కడ తాకారో ప్రోగ్రాముకు చెబుతుంది. గట్టిగా నొక్కాల్సిన రెసిస్టివ్ తెరలు వాడినవారికి తేడా మొదటి స్పర్శలోనే తెలుస్తుంది.

ఇంత చిన్న పెట్టెకు రంగుల తెరను నడిపే సత్తా ఎక్కడిది? లెక్క చూస్తే తెలుస్తుంది. తెర మీద 320 × 240 చుక్కలు, ఒక్కో చుక్క రంగుకు రెండు బైట్లు. అంటే ఒక్క బొమ్మకే 1,53,600 బైట్లు కావాలి. ఆర్డ్యునో ఊనో ఆర్3లో ఉన్న ర్యామ్ మొత్తం 2,048 బైట్లు. ఈఎస్‌పీ32లో 520 కిలోబైట్లు ఉన్నా, వై-ఫై పనులు అందులోంచే వాటా తీసుకుంటాయి. అందుకే కోర్2లో 8 మెగాబైట్ల పీఎస్‌ర్యామ్ అనే అదనపు మెమరీ విడిగా పెట్టారు. మెనూలు, గ్రాఫులు, స్లైడర్లు తడబడకుండా కదలడానికి ఆసరా అదే.

తెర అసలు విలువ మాత్రం బొమ్మల అందంలో లేదు. మామూలు బోర్డు మీద ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఫ్యాన్ తిరగాలని రాశారనుకుందాం. ఆ 35ను 32 చేయాలంటే ల్యాప్‌టాప్ తెరిచి, కోడ్ మార్చి, మళ్లీ ఎక్కించాలి. అది చేసినవాడికే సాధ్యం. తెర మీద స్లైడర్ పెడితే కోడ్ ముఖం చూడని అమ్మమ్మ కూడా మార్చుకోగలదు. ప్రాజెక్టు ప్రదర్శన బల్ల దిగి ఇంట్లో పనికొచ్చే వస్తువయ్యేది అక్కడే.

ప్రోగ్రాము రాసే దారులూ ఎక్కువే. కొత్తవాళ్లు యూఐఫ్లో అనే సాధనంలో బ్లాకులు పేర్చుకుంటూ పోవచ్చు. కాస్త తెలిసినవాళ్లకు మైక్రోపైథాన్, అలవాటైనవాళ్లకు ఆర్డ్యునో ఐడీఈ ఉన్నాయి. కొలిచిన విలువలను దూరానికి పంపడానికి ఎంక్యూటీటీ ఉంది. 1999లో చమురు పైపులైన్లను ఉపగ్రహాల ద్వారా గమనించడానికి పుట్టిన పద్ధతి అది. సన్నటి నెట్‌వర్క్ మీద కూడా నడుస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. 390 ఎంఏహెచ్ బ్యాటరీ తెర, వై-ఫై రెండూ పనిచేస్తుంటే ఎంతోసేపు ఆగదు. పొలంలో నెలల తరబడి వదిలేసే సెన్సర్‌కు ఇది తగదు, అక్కడ తెర లేని బోర్డే మేలు. వై-ఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుని, కలవడం లేదని బోర్డును తిట్టుకోవద్దు. పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సిగ్నల్‌ను నేరుగా ఇస్తే చిప్ పాడవచ్చు. ఎక్కువ పిన్నులు తెరకూ స్పీకరుకూ కార్డుకూ పోయాక మన సెన్సర్లకు మిగిలేవి కొన్నే.

అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి. పెట్టె మూసి ఉన్నందువల్ల, పుల్-అప్ రెసిస్టర్ ఎందుకు పెడతారో, గ్రౌండ్ ఎందుకు కలపాలో ఇది నేర్పదు. ఆ పాఠం బ్రెడ్‌బోర్డు దగ్గరే దొరుకుతుంది. కాబట్టి మొదటిసారి ఎలక్ట్రానిక్స్ పట్టుకుంటున్న విద్యార్థి ముందు మామూలు ఈఎస్‌పీ32 బోర్డు కొనుక్కోవాలి. ఒక సెన్సర్‌ను చేత్తో కలిపి పనిచేయించిన తర్వాత కోర్2 కొంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులు మాత్రం విడి బోర్డుల పక్కన ఇలాంటివి రెండు మూడైనా ఉంచాలి.