లాడ్ బజార్ వెలుగులో మన వాటా

పండక్కి లైట్లు కడితే చాలు, అందరూ ఒకటైపోయినట్టేనని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. రంజాన్ నెలలో తెల్లవార్లూ వెలిగే లాడ్ బజార్‌నీ, బోనాలప్పుడు ఏనుగు మీద చార్మినార్ ముందు నుంచి సాగే అక్కన్న మాదన్న గుడి ఘటాన్నీ పక్కపక్కన ఫొటోలుగా పెట్టి 'గంగా జమునీ తెహజీబ్' అంటున్నారు. ఆ మాటని మేం కొట్టిపారెయ్యడం లేదు. 1990 డిసెంబర్ మతకలహాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పాతబస్తీ ఇది. తోరణం హద్దురాయిగా, జెండా సవాలుగా మారడం ఈ వీధులు చూసినవే. అలాంటిచోట పక్కవాడి పండగని తనదనుకోవడం చిన్న సంగతి కాదు. కానీ ఈ మాట లెక్కపెట్టేది రెండు నదుల్నే. మరి మనమెక్కడ?

బోనాల్నే తీసుకుందాం. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండగ చేసింది. బోనం ఎత్తేది ఎక్కువగా దళిత బహుజన ఆడవాళ్లు. డప్పు మోగందే పోతరాజు అడుగు పడదు. అయినా ఊరేగింపు దారిలో కట్టిన ఫ్లెక్సీల మీద డప్పు కొట్టే మాదిగ పేరు కనపడదు. ఈ పండగని 'హిందూ' ఖాతాలో రాసుకునేవాళ్లకి, పల్లెల్లో పీర్ల పండక్కీ మోగేది ఆ మాదిగ డప్పేనన్న సంగతి గుర్తుండదు. రెండు పండగలకీ చప్పుడైనవాడు ఏ ఖాతాలోకీ రాడు.

బజారు సంగతీ అంతే. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇరుకు గదుల్లో నిప్పుల సెగ ముందు కూచుని లక్క కరిగించి రాళ్లు అద్దేది పేద ముస్లింలు. పేరు గాజుకి వచ్చింది, సరే. చేతికి రావాల్సిన కూలి సంగతి ఎవరు తేల్చాలి? చాంద్ రాత్ తెల్లారాక ఆ వీధి ఊడ్చేదెవరు? ఈ నగరంలో చీపురు పట్టినవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలేనని వేరే చెప్పాలా? వాళ్లు ఊడ్చాకే గదా వీధి మళ్లీ ఫొటోకి పనికొచ్చేది!

లైట్లు వద్దని మేం అనడం లేదు. మన పిల్లలకీ ఆ వెలుగంటే ఇష్టమే. అయితే అలంకరణ చూడ్డానికి రమ్మనడం వేరు, వీధిలో వాటా ఇవ్వడం వేరు. సౌభ్రాతృత్వం లేకపోతే స్వేచ్ఛా సమానత్వాలు పైన పూసిన రంగుల్లాగే మిగిలిపోతాయని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ హెచ్చరించారు. మన పండగ వీధుల మీద ఆ రంగు దండిగానే ఉంది. దాని కింద ఏముందో గీకి చూడాల్సింది మనమే. వచ్చే పండక్కి లైట్లు ఎన్ని కట్టారని కాదు, డప్పు కొట్టినవాడికి మర్యాద, గాజు చేసినవాళ్లకి కూలి, ఊడ్చినామెకి పండగ సెలవు దక్కాయా అని అడుగుదాం.