గాఫ్నీ పీచ్ పండు: ఆ గీత సంగతి

షార్లెట్ నుంచి అట్లాంటాకి ఐ-85 మీద వెళ్లే తెలుగువాళ్లు చాలామంది గాఫ్నీ వాటర్ ట్యాంకు చూసి నవ్వుకునే ఉంటారు. సౌత్ కరొలినాలోని ఈ చిన్న ఊరు 1981లో కట్టించుకున్న పీచ్ పండు అది. పేరు పీచాయిడ్. ఎత్తు 135 అడుగులు, పట్టేది పది లక్షల గ్యాలన్ల నీళ్లు. ఒక పక్క నుంచి చూస్తే అచ్చం పిర్రల్లా ఉంటుంది. 2013లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్' సీరియల్ కూడా ఆ జోకుని కథలోకి లాక్కుంది.

నాకు మాత్రం పనితనమంతా ఆ గీతలోనే కనిపిస్తుంది. మామూలుగా ట్యాంకు మీద బొమ్మ వేస్తారు, కింద ట్యాంకు ట్యాంకులానే ఉంటుంది. ఇక్కడ ఉక్కునే పండుగా మలిచారు. ఆ చీలిక తీసేస్తే మిగిలేది రంగు బంతి. పీటర్ ఫ్రాయిడెన్‌బర్గ్ వేసిన రంగులు ఒకదాంట్లో ఒకటి కరిగి, వేగంగా పోయే కార్లోంచి కూడా పండు మాగినట్టే అనిపించాయి.

'పీచ్ స్టేట్' అన్న పేరు పక్కనున్న జార్జియాది. ఎక్కువ కాపు మాత్రం సౌత్ కరొలినాది. ఈ ట్యాంకులో ఆ ఉక్రోషం ఉంది, అది నాకు నచ్చుతుంది.

నా పేచీ ఒకటే. రంగు వెలిస్తే 2015లో మళ్లీ వేశారు. ఈ పండు ఎప్పటికీ కుళ్లదు. తోటల్లో కాయ కోసే వలస కూలీల జాడ ఎక్కడా లేదు. ఊరు పంటని అంతెత్తున నిలబెట్టింది, చేతుల్ని వదిలేసింది. మనం నవ్వాల్సింది గీతని చూసి కాదు, అడగాల్సింది ఈ చేతుల గురించి.